కొన్న నమూనా, కుట్టిన బొంత, అడగవలసిన అనుమతి

నెలల తరబడి కూర్చుని కుట్టిన బొంత నలుగురి కంటా పడాలని మీరు కోరుకోవడం న్యాయమే. దానికి ఆధారమైన నమూనాను గీసిన మనిషి తన పేరు కూడా అక్కడ ఉండాలని కోరుకోవడమూ అంతే న్యాయం. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డు కావు. రెండూ తీరే పద్ధతి ఒకటుంది. అది తెలిస్తే ప్రదర్శనలో మీ బొంత పక్కన ధైర్యంగా నిలబడగలరు.

బొంత మనకు కొత్త కాదు. పాత చీరలూ పంచెలూ దొంతరగా పరిచి, దబ్బనంతో కుట్టి, చలికాలానికి సిద్ధం చేసుకున్న ఇళ్లు మనవి. ఆ బొంతకు నమూనా కాగితం ఉండేది కాదు. అమ్మ చేతిని చూసి కూతురు నేర్చుకునేది. ఎవరి అనుమతీ అడగవలసిన పని ఉండేది కాదు. ఇప్పుడు క్విల్టింగ్ పేరుతో అదే పని కొత్త రూపంలో వచ్చింది. దేశదేశాల రూపకర్తలు గీసిన ప్యాటర్న్‌లను డబ్బు కట్టి ఫోన్‌లోకి దించుకుంటున్నాం. కొలతలు, రంగులు, ముక్కల వరస అన్నీ అందులోనే ఉంటాయి. పని మనదే, ఆలోచన మాత్రం మరొకరిది. అనుమతి ప్రశ్న వచ్చేది ఇక్కడే.

చాదర్‌ఘాట్ నుంచి నాంపల్లి దాకా

చాదర్‌ఘాట్‌లో ఉండేవారికి ఈ పనికి కావలసినవన్నీ మూడు నాలుగు కిలోమీటర్ల లోపే దొరుకుతాయి. గుడ్డ, అస్తరు, దారం కోసం సుల్తాన్‌బజార్, బడీచౌడీ ఉన్నాయి. జెరాక్స్ కావాలంటే కోఠి. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల్లో వెతికితే కుట్టుపని పుస్తకాలూ పత్రికలూ చేతికి వస్తాయి. కుట్టినది జనానికి చూపించాలంటే నాంపల్లి నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన ఆ ప్రదర్శన 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఊరు ఊరంతా అక్కడికి కదులుతుంది.

ఈ దారిలో ప్రతి మజిలీలోనూ హక్కుల ప్రశ్న ఒకటుంది. గుడ్డ మీద అచ్చువేసిన బొమ్మ ఎవరిది? జెరాక్స్ తీస్తున్న నమూనా ఎవరిది? పాత పుస్తకం కొంటే అందులోని డిజైన్ మీదవుతుందా? స్టాల్‌లో వేలాడదీయడానికి ఎవరిని అడగాలి? ఒక్కొక్కటే చూద్దాం.

డబ్బు పెట్టి మీరు కొన్నదేమిటి?

సినిమా టికెట్ కొంటే ఆ సినిమా చూసే హక్కు వస్తుంది. అదే సినిమాను మన వీధిలో తెరకట్టి ఆడించే హక్కు రాదు. నమూనా కొనడం కూడా అలాంటిదే. ఆ ప్రతి మీది. అందులోని గీతల మీదా రాతల మీదా హక్కు రూపకర్తదే.

మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం నమూనాలోని బొమ్మలు, పటాలు కళాకృతుల కిందికి వస్తాయి. వాటికి గొప్ప కళావిలువ ఉండాలన్న షరతు కూడా లేదు. కుట్టే విధానాన్ని వివరించిన రాత సాహిత్య రచన కిందికి వస్తుంది. సెక్షన్ 14 ప్రకారం ఆ కళాకృతిని ఏ రూపంలో పునరుత్పత్తి చేయాలన్నా, ప్రజలకు అందుబాటులోకి తేవాలన్నా హక్కుదారు అనుమతి కావాలి. కుట్టుకోవడానికే నమూనా అమ్ముతారు కాబట్టి, కుట్టుకోవచ్చన్న అనుమతి ఆ అమ్మకంలోనే ఇమిడి ఉంటుంది. మీ పడకగదిలో పరుచుకున్నా, మనవరాలికి కానుకగా ఇచ్చినా ఎవరూ ప్రశ్నించరు. వ్యక్తిగత వినియోగానికి సెక్షన్ 52 ఇచ్చిన వెసులుబాటు కూడా ఉంది.

ఆ ఇంటి గడప దాటాక ఏం చేయవచ్చో నమూనా మీద అచ్చయిన షరతులు చెబుతాయి. కొందరు రూపకర్తలు ‘వ్యక్తిగత వినియోగానికి మాత్రమే’ అంటారు. కొందరు పేరు రాస్తే చాలు, కొద్ది సంఖ్యలో అమ్ముకోవచ్చంటారు. ప్రదర్శనకు ముందు తమకు రాయమనేవారూ ఉంటారు. కాబట్టి కత్తెర పట్టే ముందే మొదటి పేజీ, చివరి పేజీ చదవండి. బొంత పూర్తయ్యాక షరతు చదివి బాధపడటం కన్నా ఇది మేలు.

వేలాడదీయడం కూడా వాడకమే

‘నేను అమ్మడం లేదు, ఊరికే చూపిస్తున్నాను కదా’ అని చాలామంది అంటారు. మన చట్టం దీన్ని అంత తేలిగ్గా తీసుకోలేదు. సెక్షన్ 2(ఎఫ్ఎఫ్) ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఒక కృతిని ప్రజలు చూడటానికి వీలుగా ప్రదర్శించడం కూడా ‘ప్రజలకు అందించడం’ కిందికే వస్తుంది. చూడటానికి ఎవరైనా వచ్చారా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. అనుమతి లేని నకలును వ్యాపారరీత్యా బహిరంగంగా ప్రదర్శించడాన్ని సెక్షన్ 51 ఉల్లంఘనగా విడిగానే పేర్కొంది. నుమాయిష్ స్టాల్ వ్యాపారమే కదా.

అమెరికా చట్టం ఈ విషయంలో వేరు. సక్రమంగా తయారైన ప్రతి ఎవరి సొంతమైతే వారు దాన్ని ఉన్నచోట బహిరంగంగా ప్రదర్శించుకోవచ్చని ఆ చట్టంలోని సెక్షన్ 109 స్పష్టంగా చెబుతుంది. అక్కడి పుస్తకాల్లో ‘బొంత మీదైతే చూపించుకోవచ్చు’ అని చదివి ఇక్కడ అదే చెల్లుతుందనుకోకండి. మన చట్టంలో అలాంటి విడి మినహాయింపు లేదు. అందుకే హైదరాబాద్‌లో కుట్టి హైదరాబాద్‌లో చూపించేవారికి అనుమతి తీసుకోవడమే నిక్కమైన మార్గం. నమూనా విదేశీయులదైనా తేడా లేదు. బెర్న్ ఒప్పందంలో భారత్ సభ్యదేశం కనుక ఆ ఒప్పందంలోని దేశాల రూపకర్తలకు ఇక్కడా రక్షణ ఉంది.

నిర్వాహకులకూ బాధ్యత ఉంది. ఉల్లంఘన జరుగుతోందని తెలిసి లాభం కోసం చోటిచ్చినవారు కూడా సెక్షన్ 51 పరిధిలోకి వస్తారు. మహిళా సంఘం తరఫున ప్రదర్శన పెడుతుంటే ప్రతి సభ్యురాలి దగ్గరా నమూనా ఎవరిది, అనుమతి ఉందా అన్న వివరాలతో సంతకం చేసిన కాగితం తీసుకోండి.

ఒక బొంతలో ఎన్ని చేతులు

ప్రతి బొంతకూ అనుమతి అడగవలసిన పని లేదు. ఏది ఎవరిదో విడదీసి చూస్తే భయం సగం తగ్గుతుంది.

తరతరాలుగా వస్తున్న గడులు అందరివీ. తొమ్మిది ముక్కల గడి, దుంగల ఇంటి గడి, మన అతుకుల బొంతలోని చతురస్రాలు, త్రికోణాలు ఏ ఒక్కరి సొత్తూ కావు. వాటిని ఎవరైనా కుట్టవచ్చు, చూపించవచ్చు, అమ్మవచ్చు. కానీ ఆ పాత గడులనే ఒక రూపకర్త తనదైన వరసలో, తనదైన రంగుల్లో అమర్చి గీస్తే ఆ అమరిక ఆమెది.

దీనికి అమెరికాలో జరిగిన ఒక వ్యాజ్యం మంచి ఉదాహరణ. జూడీ బోయిసన్ అనే రూపకర్త 1991లో ఆంగ్ల అక్షరమాలతో ఒక బొంత రూపొందించారు. ఆరు అడ్డ వరసలు, వరసకు ఐదు గడులు. ఇరవై ఆరు అక్షరాలు పోగా మిగిలిన నాలుగు గడుల్లో బొమ్మలు. అలాంటి బొంతలే అమ్ముతున్న బేనియన్ సంస్థ మీద ఆమె వేసిన దావాలో అక్కడి అప్పీలు కోర్టు 2001లో తీర్పు చెప్పింది. అక్షరాలు అందరివీ, కానీ ఆమె ఎంచుకున్న అమరిక, రంగుల కూర్పు ఆమెవి అని కోర్టు తేల్చింది. ఆ సంస్థ అమ్మిన ఒక రకం బొంతలు నకలేనంది. రంగులూ గడుల క్రమమూ వేరుగా ఉన్న మరో రకం నకలు కాదంది. ఉమ్మడి సొత్తుకూ సొంత సృష్టికీ మధ్య గీత ఎక్కడ పడుతుందో ఈ ఒక్క తీర్పులో కనిపిస్తుంది.

ఇక గుడ్డ సంగతి. సుల్తాన్‌బజార్‌లో కొన్న ముద్రిత గుడ్డతో బొంత కుట్టి చూపించడం మామూలు వాడకమే. కానీ ఆ బొంత ఫొటోను డైరీల మీదో సంచుల మీదో అచ్చు వేయిస్తే గుడ్డ మీది బొమ్మను కూడా మీరు పునర్ముద్రించినట్టే. కార్టూన్ బొమ్మల గుడ్డతో మరీ జాగ్రత్త. మరో మాట: పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. మిల్లులో అచ్చువేసిన గుడ్డ వాడి, చీటీ మీద ‘పోచంపల్లి’ అని రాయకండి. నేతగాళ్ల అన్నం ఆ పేరు మీద ఉంది.

లంబాడీ కుట్టుపని లాంటి సామాజిక కళలకు ఒక్కరి పేరిట కాపీరైట్ దొరకదు. అయినా ఆ కుట్టును అనుసరించినప్పుడు ‘ఇది లంబాడీ మహిళల సంప్రదాయం’ అని చీటీ మీద రాయండి. చట్టం అడగకపోయినా మర్యాద అడుగుతుంది.

నలుగురూ నమ్మే నాలుగు పొరపాటు మాటలు

*‘కొంచెం మారిస్తే చాలు.’* ఇంత శాతం మారిస్తే తప్పు కాదన్న సూత్రం చట్టంలో ఎక్కడా లేదు. ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1978లో ఒక కొలబద్ద చెప్పింది. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తపరిచిన రూపానికి ఉంది. మూల కృతినీ తర్వాతి కృతినీ చూసినవారికి రెండోది మొదటిదానికి నకలే అన్న అభిప్రాయం తప్పనిసరిగా కలిగితే అది ఉల్లంఘన. అంచు రంగు మార్చినంత మాత్రాన ఆ అభిప్రాయం పోదు.

*‘పాత పుస్తకం కదా.’* అబిడ్స్‌లో పాత పుస్తకం కొనడం తప్పు కాదు. కానీ కాగితం పాతబడినంత త్వరగా హక్కు పాతబడదు. మన దేశంలో కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు. 1990లో మరణించిన రూపకర్త నమూనాకు 2050 చివరి దాకా రక్షణ ఉంటుంది.

*‘ఉచితంగా దొరికింది.’* ఉచితంగా ఇచ్చినంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదు. ఉచిత నమూనాల మీదా షరతులు ఉంటాయి. ఇక ఎవరో స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేసిన నమూనా అయితే, దాని నుంచి కుట్టిన బొంతకు పునాదే సరిగా లేదు. దాన్ని ప్రదర్శనకు పెట్టవద్దు.

*‘క్లాసు కోసం జెరాక్స్ తీశాం.’* బోధనలో భాగంగా గురువో శిష్యుడో చేసే పునరుత్పత్తికి సెక్షన్ 52లో వెసులుబాటు ఉన్న మాట నిజం. 2016లో ఢిల్లీ హైకోర్టు విశ్వవిద్యాలయ పాఠ్యాంశాల జెరాక్స్ విషయంలో దాన్ని సమర్థించింది. ఆ తీర్పును ఫీజు తీసుకుని నడిపే కుట్టు శిక్షణకు లాగకండి. ఒక్క ప్రతి కొని ఇరవై మందికి పంచితే పంతొమ్మిది ప్రతుల ఆదాయం రూపకర్త చేతి నుంచి జారిపోతుంది. ప్రతి విద్యార్థినితోనూ సొంత ప్రతి కొనిపించండి. లేదా బృందానికి తగ్గింపు ధర ఇస్తారేమో రూపకర్తనే అడగండి.

తెలిసి తెలిసి హక్కును ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయని చోట శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. ఇది మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఒక్క ఉత్తరంతో తీరిపోయే విషయాన్ని అక్కడిదాకా తీసుకెళ్లవద్దని చెబుతున్నాను.

అడగడం ఎలా?

ప్రదర్శనకు కనీసం నెల ముందు రాయండి. అనుమతి రాతలో ఉండాలి. ఈమెయిల్ జవాబు సరిపోతుంది. ఫోన్‌లో ‘సరే’ అన్నారంటే ఆ మాటను కూడా ఉత్తరంలో రాసి నిర్ధారించుకోండి. ఉత్తరం చిన్నదిగా, నిజాయతీగా ఉంటే చాలు. ఇలా రాయవచ్చు:

*‘నమస్కారం. నేను హైదరాబాద్‌లోని చాదర్‌ఘాట్‌లో ఉంటాను. మీ ఫలానా నమూనాను ఫలానా తేదీన కొన్నాను. రసీదు జతచేశాను. దాన్ని అనుసరించి నా చేత్తో కుట్టిన బొంత ఫొటో పంపుతున్నాను. దీన్ని ఫలానా తేదీల్లో, ఫలానా ప్రదర్శనలో ఉంచాలని ఉంది. అక్కడ ప్రవేశానికి రుసుము ఉంది (లేదు). బొంత అమ్మకానికి పెడుతున్నాను (లేదు). ప్రదర్శన కరపత్రంలోనూ నా సోషల్ మీడియా పేజీల్లోనూ దీని ఫొటో వాడుకోవచ్చా? మీ పేరు ఎలా రాయమంటారు? మీ సమ్మతిని జవాబులో తెలపండి.’*

ఇందులో అడిగినవి వేర్వేరు అనుమతులని గమనించండి. చూపించడం ఒకటి, అమ్మడం ఒకటి, ఫొటో ముద్రించడం మరొకటి. ఒకదానికి సరే అంటే మిగతావాటికీ సరే అన్నట్టు కాదు.

జవాబు రాకపోతే వారం తర్వాత మరోసారి రాయండి. అప్పటికీ రాకపోతే ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకోకండి. ఆ బొంత ఇంట్లో ఉంచి, సంప్రదాయ గడులతో కుట్టినదో మీ సొంత ఊహతో కుట్టినదో ప్రదర్శనకు పంపండి. కాదని జవాబు వచ్చినా నొచ్చుకోవద్దు. తన పని ఎక్కడ కనిపించాలో నిర్ణయించుకునే హక్కు ఆమెది. రేపు మీరూ ఆ స్థానంలో ఉండవచ్చు.

చీటీ మీద ఏం రాయాలి?

బొంత వెనక మూలలో గుడ్డ చీటీ కుట్టండి. ముందు వైపు గోడ మీద అట్టముక్క పెట్టండి. రెండింటి మీదా ఇవి ఉండాలి: కుట్టినవారి పేరు, నమూనా పేరు, రూపకర్త పేరు, కుట్టిన సంవత్సరం, ‘రూపకర్త అనుమతితో’ అన్న మాట. యంత్రం మీద పై కుట్టు మరొకరు వేసి ఉంటే వారి పేరు కూడా రాయండి.

పేరు రాయడం దయ కాదు. సెక్షన్ 57 ప్రకారం తన కృతికి తానే కర్తనని చెప్పుకునే హక్కు సృష్టికర్తకు ఉంది. ఆ కాపీరైట్‌ను ఇంకొకరికి రాసిచ్చేసినా ఈ హక్కు ఆమెతోనే ఉంటుంది. పోటీకి పంపేటప్పుడు ‘సొంత రూపకల్పన’, ‘నమూనా ఆధారితం’ అని రెండు విభాగాలుంటే నిజమైన విభాగంలోనే వేయండి. మరొకరి ఊహకు వచ్చిన బహుమతి ఇంట్లో పెట్టుకుంటే గౌరవం పెరగదు.

ఒకటి గుర్తుంచుకోండి. పేరు రాయడం అనుమతికి బదులు కాదు. రెండూ కావాలి.

నమూనా మీ సొంతమైతే

ఈ నియమాలన్నీ మిమ్మల్నీ కాపాడతాయి. కొన్నాళ్లు ఇతరుల నమూనాలు కుట్టిన చేతికి సొంత ఊహ రావడం సహజం. మీరు గీసిన క్షణం నుంచే ఆ గీతకు కాపీరైట్ ఉంటుంది. నమోదు తప్పనిసరి కాదు. కానీ వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. కళాకృతి నమోదుకు రుసుము 500 రూపాయలు. సరుకుల మీద వాడేదైతే 2000. తేదీ వేసిన చిత్తు గీతలు, పని మధ్యలో తీసిన ఫొటోలు దాచుకోండి.

పెద్ద సంఖ్యలో తయారు చేయించే ఆలోచన ఉంటే ఇంకో చట్టం చూడాలి. డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేయదగిన డిజైన్‌ను నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువుల మీద వాడితే, కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 15 ప్రకారం ఆ డిజైన్‌కు కాపీరైట్ పోతుంది. 2008లో తహిలియానీ అనే దుస్తుల డిజైన్ సంస్థ వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు కాపీరైట్‌ను నిలబెట్టడానికి ఆ సంఖ్య దాటకపోవడం ఒక కారణం. డిజైన్ నమోదు చేయిస్తే పదేళ్ల రక్షణ ఉంటుంది. మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

ఇక్కడే ప్రదర్శనలకు వెళ్లేవారు తెలుసుకోవలసిన కీలకం ఉంది. డిజైన్ నమోదుకు అది కొత్తదై ఉండాలి, ముందే లోకానికి వెల్లడై ఉండకూడదు. నుమాయిష్‌లో వేలాడదీశాక దరఖాస్తు పెడితే ఆ కొత్తదనం పోయిందని అభ్యంతరం రావచ్చు. కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రదర్శనలకు, ముందుగా నోటీసు ఇచ్చినవారికి మాత్రమే ఆరు నెలల వెసులుబాటు ఉంది. కాబట్టి ముందు దరఖాస్తు, తర్వాత ప్రదర్శన.

ఈ వారం చేయవలసినవి

మీ దగ్గరున్న నమూనాలన్నీ బయటికి తీయండి. కొన్నవి, ఉచితంగా వచ్చినవి, ఎవరో పంపినవి అని మూడు కుప్పలు చేయండి. మూడో కుప్పను పక్కన పెట్టేయండి. మిగతా వాటి షరతులు చదివి, రసీదులతో కలిపి ఒక ఫైలులో పెట్టండి. ఇంట్లో ఉన్న ప్రతి బొంత వెనకా చీటీ కుట్టండి. వచ్చే ప్రదర్శనకు పంపదలచిన బొంత ఏదో నిర్ణయించుకుని దాని రూపకర్తకు ఉత్తరం రాయండి.

శ్రమకు విలువ తెలిసినవాళ్లం మనం. ‘ఇంత చిన్న కుట్టుకు ఇంత డబ్బా?’ అని ఎవరైనా అన్నప్పుడు మనకు ఎంత కష్టంగా ఉంటుందో మనకే తెలుసు. నమూనా గీసిన మనిషికీ ఆ కష్టం ఉంటుంది. కుట్టు మీదని గర్వంగా చెప్పండి. నమూనా ఆమెదని అంతే గర్వంగా చెప్పండి. ఆ ఉత్తరం ఈరోజే రాయండి.